మన ప్రాంతంలో బెంజి: లారీ నుంచి కారు దాకా

కూరెకుప్ప, తోరణగల్లు, సండూరు చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు ఇళ్లలో బెంజి అంటే ఏమిటని అడిగితే, డెబ్బై దాటిన పెద్దలు లారీ అంటారు, వాళ్ల మనవళ్లు కారు అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఒకే జర్మనీ కంపెనీ మన ప్రాంతానికి ముందు లారీగా వచ్చింది, నలభై ఏళ్ల తర్వాత కారుగా వచ్చింది. మొదటిది సంపాదించి పెట్టింది. రెండోది ఖర్చు పెట్టించేది. ఈ తేడా తెలియక ఇబ్బంది పడ్డ కుటుంబాలు మనలో ఉన్నాయి.

పాత బెంజి కారు తక్కువకు వస్తోంది, తీసుకోవచ్చా? ఆంధ్రా నంబరు బండిని ఇక్కడ ఎన్నాళ్లు నడపవచ్చు? లైఫ్ టాక్స్ ఎంత? ఇలాంటి ప్రశ్నలు మన సంఘానికి తరచుగా వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా చరిత్రను, లెక్కలను, కాగితాల సంగతిని ఒకచోట పెడుతున్నాం.

పేరు, గుర్తు ఎలా వచ్చాయి

1886 జనవరి 29న జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణానికి చెందిన కార్ల్ బెంజ్ పెట్రోలుతో నడిచే మూడు చక్రాల బండికి పేటెంటు దాఖలు చేశాడు. మోటారు కారు పుట్టిన రోజుగా దాన్నే లెక్కిస్తారు. అదే ఏడాది స్టుట్‌గార్ట్ దగ్గర గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి నాలుగు చక్రాల బండికి ఇంజను బిగించారు. అప్పట్లో ఈ రెండూ వేర్వేరు ప్రయత్నాలు.

బెంజ్ బండి నడుస్తుందని లోకానికి చూపింది ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్ట్స్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం 100 కిలోమీటర్ల పైమాటే. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లాక్ ఊళ్లో మందుల షాపులో కొన్నది. గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. అరిగిన బ్రేకుకు చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. కారును దూరప్రయాణానికి తీసుకెళ్లిన మొదటి మనిషి ఆమే. దారిలో మరమ్మతు చేయించుకున్న మొదటి మనిషీ ఆమే.

మెర్సిడెస్ అనేది ఒక ఆడపిల్ల పేరు. డైమ్లర్ కంపెనీ కార్లు కొని అమ్మే ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి తన కూతురి పేరు పెట్టమని కోరాడు. 1900 చివర్లో తయారైన కొత్త కారుకు ఆ పేరు పెట్టారు, 1902లో దాన్ని రిజిస్టరు చేశారు. మూడు కొమ్మల నక్షత్రం గుర్తు 1909లో నమోదైంది. నేల మీద, నీటి మీద, గాలిలో నడిచే ఇంజన్లు చేస్తామన్నది దాని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో వ్యాపారాలు దెబ్బతినడంతో 1926 జూన్‌లో రెండు కంపెనీలు ఏకమై డైమ్లర్-బెంజ్ అయ్యాయి. కారుకు మెర్సిడెస్-బెంజ్ పేరు స్థిరపడింది.

ఈ చరిత్రలో చీకటి భాగమూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీ హిట్లర్ సైన్యానికి ఇంజన్లు, వాహనాలు చేసి ఇచ్చింది. 1944 నాటికి అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన కూలీలు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు.

యుద్ధం తర్వాత కంపెనీకి మంచి పేరు తెచ్చింది భద్రత. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి, లోపలి మనుషులకు దెబ్బ తగ్గేలా చేసే పద్ధతికి బేలా బరేనీ అనే ఇంజనీరు 1951లో పేటెంటు పెట్టాడు. 1959లో అది కార్లలోకి వచ్చింది. చక్రాలు పట్టేసుకుని జారిపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు 1978లోను, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 1981లోను ఎస్-క్లాస్‌లోకి వచ్చాయి. ఈ రోజు మన ఊళ్లో తిరిగే చిన్న కార్లలో కూడా ఇవన్నీ ఉన్నాయి. ఖరీదైన కారులో మొదలైన ఏర్పాట్లు నెమ్మదిగా సామాన్యుడి బండికీ చేరాయి.

మన ఇళ్లకు ముందు వచ్చింది లారీ

1954లో టాటా వారి టెల్కో కంపెనీ డైమ్లర్-బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేయడం మొదలుపెట్టింది. లారీ ముందు భాగాన నక్షత్రం గుర్తు ఉండేది. జనం దాన్ని బెంజి లారీ, టాటా బెంజి అన్నారు. 1969లో ఒప్పందం ముగిశాక ఆ గుర్తు పోయి టాటా గుర్తు వచ్చింది. నక్షత్రం పోయినా పేరు పోలేదు. తర్వాత వచ్చిన టాటా లారీలను కూడా మన పెద్దలు చాలాకాలం బెంజి అనే పిలిచారు.

ఆ కాలం మన చరిత్రకు కూడా ముఖ్యమైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి. బళ్లారి, సండూరు, హోస్పేట వైపు తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. నిన్నటిదాకా ఒకే జిల్లాగా ఉన్న బంధువుల మధ్యకు సరిహద్దు వచ్చింది. తుంగభద్ర ఆనకట్ట పనులకు, ఆ తర్వాత కాలువ కింద సేద్యానికి వచ్చిన తెలుగు కుటుంబాలు క్యాంపుల్లో స్థిరపడ్డాయి. వడ్లు, పత్తి, వేరుశెనగ, ఆ తర్వాత సండూరు కొండల ఇనుప రాయి అన్నీ లారీల మీదే కదిలాయి. ఒక లారీ ఉంటే ఇల్లు గడిచేది. డ్రైవరుగా చేరి, కొన్నేళ్లకు పాత బండి కొనుక్కుని, పిల్లలను చదివించిన వాళ్లు మన సంఘంలో ఎందరో ఉన్నారు. మన ఇళ్లలో బెంజి పేరుకు గౌరవం అక్కడి నుంచి వచ్చింది.

కారు వచ్చింది, ఖనిజం వచ్చింది

మెర్సిడెస్-బెంజ్ ఇండియా 1994లో ఏర్పడింది. 1995లో పుణెలోని టెల్కో ఫ్యాక్టరీలో ఇ-క్లాస్ కార్లను విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలైంది. అంతకుముందు ఈ కారు కావాలంటే విదేశం నుంచి భారీ సుంకం కట్టి తెచ్చుకోవాల్సిందే. 2009లో పుణె దగ్గరి చాకణ్‌లో కంపెనీ సొంత ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఇక్కడ అమ్ముడయ్యే చాలా మోడళ్లు అక్కడే బిగిస్తారు. బెంగళూరులో కంపెనీ పరిశోధన కేంద్రం 1996 నుంచి ఉంది.

మన వైపు 1994లోనే జిందాల్ విజయనగర్ స్టీల్ ఏర్పడింది. తోరణగల్లు, కూరెకుప్ప రూపురేఖలు దాంతో మారాయి. 2000 తర్వాత చైనా ఇనుప ఖనిజాన్ని విపరీతంగా కొనడంతో ధర ఆకాశానికి వెళ్లింది. కృష్ణపట్నం, బేలేకేరి రేవుల వైపు లారీలు బారులు తీరాయి. బళ్లారి రోడ్ల మీద విదేశీ కార్లు కనబడటం మొదలైంది అప్పుడే. గని యజమానుల సంగతి వదిలేద్దాం. నాలుగైదు టిప్పర్లున్న మామూలు కుటుంబాలు కూడా నెలనెలా వచ్చే కిరాయి చూసి, అది ఎప్పటికీ ఇలాగే వస్తుందనుకుని, పెద్ద కార్లకు అప్పులు చేశాయి.

2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాన్ని, రవాణాను నిలిపేసింది. తర్వాతి నెలలో చిత్రదుర్గ, తుమకూరు జిల్లాలకూ ఆ ఉత్తర్వు వర్తించింది. లారీలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. కిరాయి ఆగింది కానీ కంతు ఆగలేదు. 2013 ఏప్రిల్ 18 తీర్పుతో ఏ, బి తరగతి గనులకు షరతులతో అనుమతి వచ్చింది. సి తరగతి లీజులు రద్దయ్యాయి. ఆ మధ్య కాలంలో ముందు కారు పోగొట్టుకున్న ఇళ్లు తట్టుకుని నిలిచాయి. కారును ఉంచుకోవడానికి లారీని అమ్ముకున్న ఇళ్లు ఇంకా కోలుకోలేదు. ఈ ఒక్క అనుభవం గుర్తుంచుకుంటే మిగతా లెక్కలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అదే జర్మనీ సంస్థ 2012లో చెన్నై దగ్గర ఒరగడంలో ఫ్యాక్టరీ పెట్టి భారత్‌బెంజ్ పేరుతో లారీలు, టిప్పర్లు తెచ్చింది. అంటే బెంజి పేరు మళ్లీ లారీ మీదికి వచ్చింది. 2021 చివర్లో జర్మనీలో లారీల వ్యాపారం, కార్ల వ్యాపారం రెండు వేర్వేరు కంపెనీలుగా విడిపోయాయి. కనుక భారత్‌బెంజ్ లారీ కొన్నవాళ్లకు కారు షోరూంలో సర్వీసు దొరకదు. కారు కొన్నవాళ్లకు లారీ వర్క్‌షాపూ పనికిరాదు.

కొత్త బండి లెక్క

షోరూం ధర చూసి నిర్ణయించకూడదు. 60 లక్షల బండి అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై జీఎస్టీ 40 శాతం. ఇది షోరూం ధరలోనే కలిసి ఉంటుంది. దానిపైన కర్ణాటకలో 20 లక్షలు దాటిన పెట్రోలు, డీజిల్ కారుకు లైఫ్ టాక్స్ 18 శాతం, అంటే 10 లక్షల 80 వేలు. ఆ పన్ను మీద సెస్సులు వేరు. రేట్లు మారుతుంటాయి కనుక కట్టే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడగాలి.

10 లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. 60 లక్షలకు అది 60 వేలు. ఇది పోయే డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తే సర్దుబాటు అవుతుంది, లేదా తిరిగి వస్తుంది. రిటర్ను వేయనివాళ్లు దీన్ని వదులుకుంటున్నారు. ఇన్సూరెన్సులో మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తప్పనిసరి. సొంత నష్టం పాలసీ మాత్రం ఏటా మార్చుకోవచ్చు. షోరూం వాళ్లు చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలన్న నియమం లేదు.

అప్పు లెక్క ఇలా ఉంటుంది. 50 లక్షలు 9 శాతం వడ్డీకి 7 ఏళ్లకు తీసుకుంటే నెల కంతు దాదాపు 80,450 రూపాయలు. మొత్తం కట్టేది 67 లక్షల 57 వేల పైన. వడ్డీ ఒక్కటే పదిహేడున్నర లక్షలు. ఆ ఏడేళ్ల చివర బండి విలువ కొన్న ధరలో సగానికి చాలా కిందికి పడిపోతుంది. పొలం, స్థలం మీద పెట్టిన అప్పుకు ఈ అప్పుకు తేడా ఇదే.

పాత బండి కొనేవాళ్లకు

ఎనిమిది, పదేళ్ల బెంజి కొత్త మారుతి ధరకు దొరుకుతుంది. కొన్న ధర మారుతిదే కావచ్చు. విడిభాగాల ధర మాత్రం బెంజిదే. కంపెనీ కొత్త కారుకు ఇచ్చే మూడేళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. గాలి బుడగల మీద నిలబడే ఎయిర్ సస్పెన్షన్, ఆటోమేటిక్ గేరుబాక్సు, లైట్లు, సెన్సార్లలో ఏది పోయినా బిల్లు లక్షల్లో ఉండవచ్చు. మన సభ్యుల్లో ఒకరి ఇంట్లో ఇలాంటి బండి రాత్రి నిలబెట్టిన చోటే తెల్లారేసరికి ఒక పక్కకు కుంగిపోయింది. సస్పెన్షన్ మార్చడానికి వేసిన అంచనా, బండి కొన్న ధరలో నాలుగో వంతు. మార్చలేక, అమ్మలేక ఏడాది షెడ్డులో పెట్టారు.

కొనే ముందు ఇవి చూడాలి:

- ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్టు చేయించి చూడాలి. వేడెక్కించి చూపిస్తే లోపాలు దాగిపోతాయి.
- కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ దీపాలు వెలిగి కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాలి.
- కంపెనీ వర్క్‌షాపులో ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీసు చరిత్ర అడగాలి. మీటరులోని కిలోమీటర్లు దాంతో సరిపోవాలి. కంప్యూటరు పరీక్షకు అయ్యే ఖర్చు కొనేవాళ్లే పెట్టుకున్నా నష్టం లేదు.
- టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 3219 అంటే 2019లో 32వ వారం. అరగకపోయినా ముసలి టైరు ప్రమాదమే.
- ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరినట్టు పత్రం, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకూడదు.
- చలాన్లు, కేసులు, కోర్టు జప్తు ఏవైనా ఉన్నాయేమో పరివాహన్ సైటులోను, ఆర్‌టీఓలోను చూసుకోవాలి. గనుల గొడవల తర్వాత ఈ పరీక్ష మన జిల్లాలో మరీ అవసరం.

కొన్నాక ఫారం 29, 30 వేసి పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సును 14 రోజుల్లో మన పేరుకు మార్చమని రాసి ఇవ్వాలి. నో క్లెయిం బోనస్ అమ్మినవాడిదే, బండితో రాదు. ఇక అమ్మేవాళ్లకు ఒక మాట: పేరు మారేదాకా ఆ బండి చేసే ప్రమాదానికి కోర్టు నోటీసు మీ ఇంటికే వస్తుంది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు బ్రోకరు చేతికి ఇవ్వవద్దు.

సరిహద్దు నంబర్ల సమస్య

మన ఇళ్లలో ఎక్కువగా వచ్చే చిక్కు ఇది. అనంతపురం, కర్నూలు బంధువుల పేరున బండి కొని ఇక్కడ నడుపుతారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ముందు అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తేవాలి, తర్వాత ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి తగ్గ వాపసు కోసం అక్కడే అర్జీ పెట్టుకోవాలి. అడగకుండా ఎవరూ ఇవ్వరు.

చిన్న కారుకు ఇది వేలల్లో పోయే సంగతి. బెంజికి లక్షల్లో ఉంటుంది. టాక్సు మిగులుతుందని సరిహద్దు అవతల కొన్నవాళ్లు ఇక్కడ తనిఖీలో పట్టుబడితే పన్నూ, జరిమానా రెండూ కట్టాలి. బండి ఇక్కడే ఉంటుందని తెలిసినప్పుడు మొదటే ఇక్కడ రిజిస్టరు చేయించడం మేలు. పెళ్లికి, పండగకు వచ్చి వెళ్లే బంధువుల బండ్లకు ఈ గొడవ లేదు. వాళ్లు టోలు రసీదులు, పెట్రోలు బిల్లులు దగ్గర పెట్టుకుంటే ఎప్పుడు వచ్చారో చూపించడానికి పనికొస్తాయి.

ఎర్ర దుమ్ము, చిన్న దూరాలు

జర్మనీ బండి మన ఊరి గాలికి పుట్టింది కాదు. ఇక్కడి దుమ్ములో ఇనుము ఉంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే అద్దానికి, రంగుకు గీతలు పడతాయి. రంగులో ఇరుక్కున్న ఇనుప రేణువులు వాన తగిలితే తుప్పు చుక్కలవుతాయి. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము దింపాలి, ఆ తర్వాతే గుడ్డ ముట్టించాలి. ఇంజను గాలి ఫిల్టరు, ఏసీ ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగకుండా ముందే విప్పి చూడాలి. రేడియేటరు రెక్కల్లో ఎర్రమన్ను పేరుకుంటే ఎండాకాలం ఇంజను వేడెక్కుతుంది.

డీజిల్ బండి వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కొత్త డీజిల్ ఇంజన్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. కూరెకుప్ప నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా, బజారు దాకా మాత్రమే తిప్పితే ఆ ఫిల్టరు మూసుకుపోతుంది. వారానికి ఒకసారైనా 67వ నంబరు జాతీయ రహదారి మీద హోస్పేట దాకానో, బళ్లారి దాకానో పోయి రావాలి. ఎప్పుడూ చిన్న దూరాలే అయితే పెట్రోలు బండే నయం. పెట్రోలు మూత లోపల ఏ రకం పోయాలో చీటీ అంటించి ఉంటుంది. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు పాత మోడలుకు సరిపోతుందో లేదో మాన్యువల్‌లో చూసుకోవాలి. డీజిల్ బండ్లలో వాడే యాడ్‌బ్లూ ద్రవం అయిపోతే కొన్ని బండ్లు మళ్లీ స్టార్టు కావు. దూరం వెళ్లేముందు దాన్నీ చూసుకోవాలి.

సర్వీసు ఏడాదికి ఒకసారి, లేదా 15,000 కిలోమీటర్లకు. బెంగళూరు మనకు దాదాపు 300 కిలోమీటర్లు. సర్వీసు బిల్లుతో పాటు పోయిరావడానికి రెండు రోజులు, డ్రైవరు బత్తా, బస ఖర్చు కలిపి లెక్క వేయాలి. దారిలో ఆగిపోతే లాక్కెళ్లే సౌకర్యం ఎంత దూరం వర్తిస్తుందో కొనేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి. కొన్ని మోడళ్లలో మామూలు స్టెప్నీ ఉండదు, సన్నటి టైరు ఇస్తారు. దానితో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు.

ఇన్ని చెప్పినా, బాగా చూసుకున్న బెంజి మంచి బండే. దూరప్రయాణంలో నడుము నొప్పి తెలియదు. బ్రేకు నమ్మకం. ప్రమాదంలో మనిషిని కాపాడే కట్టుదిట్టం ఉంది. ఆదాయం నిలకడగా ఉండి, అప్పు లేకుండా కొని, ఏటా సర్వీసుకు డబ్బు పక్కన పెట్టగలిగిన వాళ్లు సంతోషంగానే నడుపుతున్నారు.

పెళ్లి మాటల్లో కారు

ఈ మధ్య సంబంధాలు మాట్లాడేటప్పుడు కారు పేరు, మోడలు పేరు వినబడుతున్నాయి. అబ్బాయి పెద్ద కంపెనీలో ఉన్నాడు, కారన్నా ఉండాలి కదా అంటున్నారు. కానుక అని పేరు పెట్టినా, అడిగి తీసుకుంటే అది కట్నమే. 1961 నాటి చట్టం కింద అడగడం, ఇవ్వడం, తీసుకోవడం మూడూ నేరాలే. పిల్ల తండ్రి ఒక ఎకరం అమ్మి కారు ఇస్తే, ఆ ఎకరం విలువ పెరుగుతూ పోతుంది, కారు విలువ షోరూం గేటు దాటిన రోజు నుంచి పడిపోతుంది. దాన్ని నడిపే ఖర్చు కొత్త దంపతుల మీద పడుతుంది. ఇలాంటి మాట వచ్చినప్పుడు మధ్యవర్తులుగా ఉన్న పెద్దలు అక్కడే ఆపాలని మనవి.

చివరిగా ఒక కొలత చెబుతున్నాం. బండి ధరను కాక, దానికి ఏడాదికి అయ్యే ఖర్చును ముందు కాగితం మీద వేయండి. కంతు, ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, ఇంధనం, అనుకోని మరమ్మతు ఒక్కొక్కటి విడివిడిగా రాయండి. ఆ మొత్తం పన్నెండు నెలల కిరాయి ఆగిపోయినా ఇంట్లోంచి కట్టగలిగేదైతే కొనండి. లేకపోతే ఆ డబ్బు సంపాదించిపెట్టే బండి మీద పెట్టండి. ఎన్‌ఓసీ, పేరు మార్పు, పన్ను వాపసు అర్జీలు నింపడంలో సందేహాలుంటే ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఆధార్ నకళ్లతో సంఘం ఆఫీసుకు రండి, కూర్చుని నింపిస్తాం. దానికి రుసుము లేదు.